మోటెల్ కూల్చి కాండోలు.. న్యూజెర్సీ బీచ్ ఊళ్లో ఏళ్ల తరబడి నలిగిన జోనింగ్ గొడవ ఏంటి?

న్యూజెర్సీలో ఉండే మన తెలుగువాళ్లకి వైల్డ్‌వుడ్ బీచ్ కొత్తేం కాదు. ఎడిసన్ నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే ఎక్కి దక్షిణానికి రెండు గంటలకు కాస్త అటూ ఇటుగా వెళ్తే ఎగ్జిట్ 4 వస్తుంది. అక్కడ బీచ్‌లోకి వెళ్లడానికి టికెట్ లేదు. చెక్కలతో వేసిన పొడవాటి బోర్డ్‌వాక్, దాని మీద జనాన్ని పక్కకు జరగమని రికార్డు వేసుకుంటూ తిరిగే పసుపు రంగు ట్రామ్ బండి.. పిల్లలకి అదో సరదా.

అయితే బీచ్ వెనక వీధుల్లో నడిస్తే ఒక వింత కనిపిస్తుంది. ఒక పక్క నియాన్ లైట్లు, ప్లాస్టిక్ కొబ్బరి చెట్లు, ఆకాశానికి దూకుతున్నట్టుండే పైకప్పులతో 1950ల నాటి మోటెల్. దాన్ని ఆనుకునే కింద కార్ పార్కింగ్, పైన మూడంతస్తులతో ఒకేలా ఉండే కాండోల వరుస. ఆ కాండోల స్థలంలో కూడా ఒకప్పుడు మోటెల్సే ఉండేవి. అవి ఎలా పోయాయి? ఎవరూ అడ్డుకోలేదా? చట్టం ఏం చెప్పింది? అమెరికాలో బీచ్ పక్కన ఏ ఊళ్లో మోటెల్ కూల్చి కాండో కడతామన్నా దాదాపు ఇదే కథ నడుస్తుంది. అందుకే ఈ ఒక్క ఊరి సంగతి తెలిస్తే మిగతావి ఈజీగా అర్థమవుతాయి.

ముందు ఈ మోటెల్స్ సంగతి

మోటార్, హోటల్ అనే రెండు మాటలు కలిస్తే మోటెల్. గది తలుపు ముందే కారు ఆపుకోవడం దాని ప్రత్యేకత. 1950ల్లో గార్డెన్ స్టేట్ పార్క్‌వే వచ్చాక మామూలు ఉద్యోగులు, కార్మికుల కుటుంబాలు కారేసుకుని నేరుగా బీచ్‌కి రావడం మొదలైంది. వాళ్ల కోసమే నార్త్ వైల్డ్‌వుడ్, వైల్డ్‌వుడ్, వైల్డ్‌వుడ్ క్రెస్ట్ అనే మూడు ఊళ్లలో వందల మోటెల్స్ లేచాయి. విమానమెక్కి హవాయి వెళ్లలేని వాళ్లకి ఇక్కడే హవాయి చూపించాలన్నది ఐడియా. అందుకే పేర్లు కూడా కరేబియన్, వైకీకీ, శాటిలైట్.. అలా పెట్టారు. ఆ శైలికి తర్వాత ‘డూ వాప్’ అని పేరొచ్చింది. అప్పటి పాటల బాణీకి ఉన్న పేరే అది.

కట్టినప్పుడు వీటిని ఎవరూ గొప్ప కట్టడాలు అనుకోలేదు. 1990ల చివర్లో స్టీవెన్ ఐజెనర్ అనే ఆర్కిటెక్ట్ యూనివర్సిటీ విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వచ్చి స్టడీ చేశాకే చాలామందికి వీటి విలువ తెలిసింది. 1997లో డూ వాప్ ప్రిజర్వేషన్ లీగ్ పుట్టింది. సరిగ్గా అదే సమయానికి రియల్ ఎస్టేట్ వేడెక్కడం మొదలైంది. అదే అసలు ట్విస్ట్.

ఓనర్ ఎందుకు అమ్మాడు?

ఇక్కడ బిల్డర్‌ని విలన్‌గా చూపించడం తేలిక. కానీ ఓనర్ లెక్క కూడా చూడాలి. ఆ ఊళ్లో సీజన్ మే చివర్లో మెమోరియల్ డేతో మొదలై సెప్టెంబర్ మొదట్లో లేబర్ డేతో అయిపోతుంది. అంటే గట్టిగా వంద రోజులు. మిగతా ఏడాదంతా గదులు ఖాళీ. వైల్డ్‌వుడ్‌లో ఏడాది పొడవునా ఉండే జనాభా ఐదు వేల చిల్లరే. వంద రోజుల సంపాదనతోనే ఇన్సూరెన్స్, ప్రాపర్టీ టాక్స్, ఉప్పుగాలికి తుప్పు పట్టే రెయిలింగ్‌ల రిపేర్లు అన్నీ వెళ్లాలి. పిల్లలు వ్యాపారంలోకి రామంటారు. 2000 తర్వాత బిల్డర్లు స్థలానికి ఇవ్వజూపిన రేటు, మోటెల్ నడిపితే వచ్చే ఆదాయం కంటే చాలా ఎక్కువ. అమ్మేశారు. తప్పు పట్టడానికి ఏముంది?

మరి పోయింది ఎవరికి? చిన్న లెక్క వేద్దాం. 40 గదుల మోటెల్ ఉందనుకోండి. వంద రోజుల సీజన్‌లో ఫుల్‌గా నడిస్తే 4,000 గది-రాత్రులు. దాన్ని కూల్చి 8 కాండోలు కట్టారనుకుందాం. సీజన్ మొత్తం జనం ఉన్నా 800 రాత్రులే. నిజానికి కొన్నవాళ్లు ఏ నాలుగైదు వారాలో వచ్చి వెళ్తారు. అంటే సాయంత్రం పిజ్జా కొనేవాళ్లు, బోర్డ్‌వాక్ మీద రైడ్ ఎక్కేవాళ్లు తగ్గిపోతారు. రెండు రాత్రులకి గది తీసుకుని వెళ్లే మధ్యతరగతి కుటుంబానికి చోటు పోతుంది.

మున్సిపాలిటీది ఇంకో లెక్క. కొత్త కాండో విలువ ఎక్కువ కాబట్టి ప్రాపర్టీ టాక్స్ ఎక్కువ. పైగా సెకండ్ హోమ్‌గా కొన్నవాడు టాక్స్ కడతాడు, పిల్లల్ని మాత్రం ఆ ఊరి బడికి పంపడు. ఖర్చు లేని ఆదాయం అన్నమాట. కాకపోతే గది అద్దె మీద వచ్చే పన్ను పోతుంది, షాపుల వ్యాపారం పడిపోతుంది. ఊళ్లో అభిప్రాయాలు చీలిపోవడానికి కారణం ఇదే.

జోనింగ్ అంటే..

మన దగ్గర బీచ్ పక్కన కట్టడం మీద గొడవ అంటే వెంటనే సీఆర్‌జెడ్ గుర్తొస్తుంది. సముద్రానికి ఎంత దూరంలో కట్టారన్నదే అక్కడ మొదటి ప్రశ్న. న్యూజెర్సీలో కూడా అలాంటి చట్టం ఉంది. 1973లో వచ్చిన దాన్ని కాఫ్రా అంటారు. దీనిలో ఒక తమాషా ఉంది. 25 ఇళ్లు లేదా అంతకంటే ఎక్కువ కడితేనే రాష్ట్ర పర్యావరణ శాఖ పర్మిట్ కావాలని మొదట్లో రాశారు. ఇంకేముంది, తీరం పొడవునా 24 ఇళ్ల ప్రాజెక్టులు పుట్టుకొచ్చాయి! 1993లో చట్టం సవరించి, నీటికి దగ్గరగా కట్టేవాటికి రూల్స్ బిగించాకే ఆ కిటికీ చాలావరకు మూసుకుంది. తెలివితేటలు మన బిల్డర్లకే ఉంటాయనుకుంటాం కానీ..

జోనింగ్ ఇంకో సంగతి. ఊరిని జోన్లుగా విడగొట్టి, ఏ జోన్‌లో ఏ వాడకానికి అనుమతి, ఎంత ఎత్తు, ఎకరానికి ఎన్ని ఇళ్లు, ఎన్ని పార్కింగులు అని స్థానిక మున్సిపాలిటీ ఆర్డినెన్స్ రాస్తుంది. దానికి ఆధారం 1975 నాటి రాష్ట్ర మున్సిపల్ ల్యాండ్ యూజ్ చట్టం.

ఇప్పుడు చాలామంది పొరపడే పాయింట్. ‘కాండోలు వద్దు’ అని జోనింగ్ చెప్పలేదు. కాండో అంటే మన అపార్ట్‌మెంట్ ఫ్లాట్ లాంటిదే. లోపలి భాగం మీ పేరు మీద, మెట్లు, స్థలం అందరికీ ఉమ్మడి, నెలనెలా అసోసియేషన్‌కి మెయింటెనెన్స్. అది యాజమాన్య పద్ధతి మాత్రమే. న్యూజెర్సీ కాండోమినియం చట్టం ప్రకారం జోనింగ్ చూడాల్సింది బిల్డింగ్‌ని దేనికి వాడుతున్నారన్నదే, ఎవరి పేరు మీద ఉందన్నది కాదు. కాబట్టి బోర్డు ముందు తేలాల్సింది ఒకటే.. ఇది రోజుల లెక్కన అద్దెకిచ్చే బసా, లేక నివాసమా? మోటెల్ గదుల్నే విడివిడిగా అమ్మేసి, మోటెల్‌లాగే నడిపే ‘కాండోటెల్’ అనే మధ్యరకం కూడా ఇందుకే పుట్టింది.

ఆ జోన్‌లో నివాసాలకి ముందే అనుమతి ఉంటే? కథ అక్కడితో ముగిసినట్టే. ఎత్తు, పార్కింగ్ అన్నీ రూల్ ప్రకారం ఉంటే ‘పాత మోటెల్ అందంగా ఉంది, కొత్తది బాలేదు’ అని బోర్డు కాదనలేదు. చాలా మోటెల్స్ పెద్ద గొడవేం లేకుండానే నేలమట్టం కావడం వెనక ఈ సంగతి ఉంది.

ఐదు ఓట్ల గండం

అనుమతి లేని వాడకమైతే మాత్రం బిల్డర్ ‘యూజ్ వేరియెన్స్’ అడగాలి. ఇది మన దగ్గర కట్టేశాక ఫీజు కట్టి రెగ్యులరైజ్ చేయించుకునే బీపీఎస్, బీఆర్ఎస్ లాంటిది కాదు. కట్టక ముందే జోనింగ్ బోర్డు ముందు కేసు నెగ్గాలి. ఏడుగురు సభ్యుల్లో మామూలు మెజారిటీ సరిపోదు, ఐదు ఓట్లు పడాల్సిందే. ఎత్తు పరిమితిని పది అడుగులు లేదా పది శాతం దాటినా ఇదే పరీక్ష. అంటే ఎవరో ముగ్గుర్ని ఒప్పించలేకపోతే ప్రాజెక్ట్ ఆగిపోతుంది.

ఏం నిరూపించాలి? దీనివల్ల జనానికి మేలేంటో చూపాలి. చుట్టుపక్కల వాళ్లకి పెద్ద నష్టం లేదని, ఊరి ప్లాన్ దెబ్బతినదని కూడా చూపాలి. 1987లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ పరీక్షని ఇంకా కఠినం చేసింది. ఆ వాడకాన్ని ఊరు తన ఆర్డినెన్స్‌లో ఎందుకు వదిలేసిందో కూడా బిల్డర్ సమాధానం చెప్పాలంది. విచిత్రం ఏంటంటే ఆ కేసు కూడా మోటెల్ గురించే! ఎడిసన్ పక్కనే ఉన్న సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్‌లో, ఇండస్ట్రియల్ జోన్‌లో మోటెల్ కడతామంటే వచ్చిన వివాదం అది. మెడిచి కేసు అంటే అక్కడి ప్లానింగ్ లాయర్లందరికీ నోటికొచ్చు.

హియరింగ్ కోర్టులాగే నడుస్తుంది. బిల్డర్ తరఫున లాయర్, ఇంజినీర్, ఆర్కిటెక్ట్, ప్లానర్ ప్రమాణం చేసి సాక్ష్యం చెబుతారు. పక్కింటివాళ్లు లేచి వాళ్లని ప్రశ్నలు అడగొచ్చు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వెయ్యి సంతకాలతో పిటిషన్ తెచ్చామని సంబరపడతారు. కానీ సంతకం పెట్టినవాళ్లని క్రాస్ ఎగ్జామిన్ చేయడం కుదరదు కాబట్టి దానికి సాక్ష్యంగా విలువ ఉండదు. సాయంత్రం నీడ మన పెరట్లో ఎంత మేర పడుతుందో, వీధిలో కార్లు ఎక్కడ నిలుస్తాయో కొలతలతో చెప్పే ఒక్క ఇంజినీర్ వంద ఆవేశపు ప్రసంగాలతో సమానం.

రూల్స్ మార్చి ఆపొచ్చు కదా?

ఆ రోజుల్లో అది కుదిరేది. దరఖాస్తు పెట్టాక కూడా, తుది నిర్ణయం రాకముందే ఊరు ఆర్డినెన్స్ మార్చేస్తే కొత్త రూలే వర్తించేది. గొడవ ముదిరితే కౌన్సిల్ మీద ఒత్తిడి తెచ్చి రూల్ మార్పించడం మామూలే. 2011 మే నుంచి ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఇప్పుడు దరఖాస్తు పెట్టిన రోజున ఉన్న రూల్సే లెక్క. కాబట్టి బిల్డర్ వచ్చాక మేల్కొంటే లాభం లేదు. మాస్టర్ ప్లాన్ రివ్యూ చేసేటప్పుడే, ఖాళీ కుర్చీల మీటింగ్‌కి వెళ్లి మాట్లాడాలి.

చారిత్రక కట్టడంగా గుర్తింపు వస్తే ఆగుతుందా అంటే.. అదీ పెద్ద అపోహే. నేషనల్ రిజిస్టర్‌లో చేరినంత మాత్రాన ప్రైవేట్ ఓనర్ తన డబ్బుతో కూల్చుకోవడాన్ని అది ఆపదు. ఆపాలంటే స్థానికంగా హెరిటేజ్ ఆర్డినెన్స్ ఉండాలి. రిజిస్టర్ వల్ల వచ్చే లాభం వేరు. సంపాదన ఇచ్చే పాత కట్టడాన్ని పద్ధతిగా బాగుచేస్తే ఖర్చులో 20 శాతం ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ దొరుకుతుంది.

వైల్డ్‌వుడ్ క్రెస్ట్‌లోని రెండు మోటెల్స్ చూస్తే ఇది తెలిసిపోతుంది. 1958లో కట్టిన శాటిలైట్ మోటెల్‌ని 2004లో కూల్చేశారు. 1957 నాటి కరేబియన్ మోటెల్‌కి కూడా అదే గతి పట్టేదే. కానీ అదే 2004లో పాత కట్టడాలంటే ఇష్టమున్న ఇద్దరు దాన్ని కొని, మోటెల్‌గానే నడిపారు. 2005లో అది నేషనల్ రిజిస్టర్‌లో చేరింది. అంటే కాపాడింది ముందు కొన్నవాళ్లు, ఆ తర్వాతే సర్టిఫికెట్. కాస్త భిన్నంగా, వైల్డ్‌వుడ్‌లో ఒక పాత మోటెల్‌నే డూ వాప్ శైలిలోకి మార్చి 2000లో స్టార్‌లక్స్‌గా తెరిచారు.

2006 నాటికి పరిస్థితి ఎంత దూరం వెళ్లిందంటే, నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ దేశంలో అత్యంత ప్రమాదంలో ఉన్న 11 చారిత్రక స్థలాల జాబితాలో ఈ డూ వాప్ మోటెల్స్‌ని చేర్చింది. ఆ మరుసటి ఏడాది, కూల్చకుండా విడదీసి దాచిన సర్ఫ్‌సైడ్ రెస్టారెంట్ భవనంలోనే మ్యూజియం తెరిచారు. తీసేసిన మోటెల్ నియాన్ బోర్డులు ఇప్పుడు అక్కడ వెలుగుతున్నాయి. ఇక కూల్చివేతల జోరు తగ్గింది బోర్డులు, జాబితాల వల్ల కంటే 2008లో హౌసింగ్ మార్కెట్ కుప్పకూలడం వల్లే.

మీ ఇంటికి నోటీసు వస్తే..

న్యూజెర్సీలో ఇల్లో, బీచ్ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ యూనిటో ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ప్రాజెక్ట్ స్థలానికి 200 అడుగుల లోపు ఆస్తి ఉంటే హియరింగ్‌కి కనీసం పది రోజుల ముందు నోటీసు రావాలి. జంక్ మెయిల్ అనుకుని పడేయొద్దు. ప్లాన్ కాపీలు కూడా పది రోజుల ముందు నుంచే మున్సిపల్ ఆఫీసులో చూడొచ్చు. దరఖాస్తు పూర్తిగా అందాక బోర్డుకి సాధారణంగా 120 రోజుల గడువు. బిల్డర్ ఒప్పుకుంటేనే అది పెరుగుతుంది. నిర్ణయం నచ్చకపోతే, అది పత్రికలో ప్రచురితమైన రోజు నుంచి 45 రోజుల్లోపు సుపీరియర్ కోర్టుకి వెళ్లాలి. అక్కడ జడ్జి కేసుని మళ్లీ మొదటి నుంచి వినరు. బోర్డు ముందు రికార్డైన సాక్ష్యం చూసి, నిర్ణయం అడ్డగోలుగా ఉందా లేదా అన్నదే తేలుస్తారు. హియరింగ్ రోజు చెప్పకుండా వదిలేసింది కోర్టులో కొత్తగా చెప్పడం చాలా కష్టం.