బందరు రేవు - ఒడ్డున ఉన్నవారు



మచిలీపట్టణమును మనవారు బందరందురు. బందరనగా ఓడరేవు. రేవు పోయి పేరు మాత్రము నిలిచిన ఆ యూర నేను ముప్పది యేండ్లు తెలుగు పండితుడనుగా పనిచేసితిని. అచ్చటికి మరల రేవు వచ్చుచున్నదని సంతసించువారిలో నేనును ఒకడను. అయినను ఈ పూట నేను చెప్పదలచినది ఓడలను గూర్చి కాదు. ఒడ్డున కాపురముండు వారిని గూర్చి.

ఆ యూరి పేటల పేర్లు వినుడు. ఇంగ్లీషుపాలెము, వలందపాలెము, పరాసుపేట. వలందులనగా డచ్చివారు, పరాసులనగా ఫ్రెంచివారు. గోలకొండ పాదుషాల కాలమున ఇది తూర్పుతీరమందలి మేటి రేవులలో నొకటి. డచ్చివారు 17వ శతాబ్ది తొలి సంవత్సరములలోను, ఇంగ్లీషువారు 1611లోను, ఆ పిమ్మట ఫ్రెంచివారును వచ్చి కొట్లు కట్టిరి. ఇచ్చటి అద్దకపు వస్త్రములు పారశీకము వరకు పోయెను. ఆ బట్ట నేసినవాని పేరుగాని, రంగు కాచినవాని పేరుగాని యే పేటకును లేదు. వర్తకుడు వెడలిపోయినను పేటకు వాని పేరే మిగిలినది. బడిలో ఈ పాఠము చెప్పునప్పుడెల్ల, వలందులు రాకమున్ను ఆ పాలెమునేమని పిలిచెడివారని పిల్లలు నన్నడుగుచుండిరి. నాకు బదులు తోచెడిది కాదు.

రేవు క్షీణించుటకు సముద్రమే మొదటి కారణము. కృష్ణ తెచ్చు మేట వలన తీరము లోతు తక్కువ. ఓడలు దూరమున లంగరు వేసికొనగా, సరకు పడవలపై రావలసియుండెను. ఇంగ్లీషువారు 1639లో చెన్నపట్టణమున నేల సంపాదించి, క్రమముగ దానినే ముఖ్యస్థానముగ జేసికొనిరి. పిమ్మట 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన వచ్చెను. ఇంచుమించు 30,000 మంది మడిసిరి. 1933లో విశాఖపట్టణమున నౌకాశ్రయము తెరువబడిన పిదప బందరు రేవును తలచువారే కరవైరి.

అయినను ఊరు చావలేదు. 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో ఆంధ్రా బ్యాంకు ఇచ్చటనే పుట్టినవి. జిల్లా కచ్చేరీలు నిలిచినవి. వ్యాపారము సన్నగిల్లిన యూరికొక గుణము కలదు, దానిని చరిత్రకారులు వ్రాయరు: అచ్చట ఇల్లు చవుక. గుమాస్తాయు, వలలల్లువాడును, నావంటి పంతులును ఒకే వీథిలో అద్దెకుండి పిల్లలను చదివించుకొనగలిగిరి.

ఇక శంకుస్థాపనల సంగతి. క్రొత్త రేవునకు 2008లో ఒకటి, 2019లో ఒకటి, 2023 మే 22వ తేదిని ఒకటి, మొత్తము మూడు జరిగినవి. మొదటి రెంటి వెనుక పని సాగలేదు. మూడవదాని పిమ్మట సాగినది. నడుమ 2015లో పరిసర గ్రామములందు వేలకొలది యెకరములకు భూసేకరణ ప్రకటన వెలువడగా రైతులు తిరుగబడిరి. రాయి పడినను పడకున్నను ధర మాత్రము ప్రతిసారియు లేచినది.

2008లో మా పొరుగువానికి తాతలనాటి నివేశనస్థలముండెను. పూరిల్లు, రెండు కొబ్బరిచెట్లు. పొరుగూరినుండి యొకడు వచ్చి, ఆతడెన్నడును వినని ధర చెప్పెను. ఆతడు నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, ఏమి చేయమందురు?" అనెను. నాలుగు పుస్తకములు చదివినవాడనను గర్వముతో, "రేవు వచ్చునో రాదో, చేతికి వచ్చినది విడువకుము" అంటిని. కూతురి పెండ్లి కొంత, అప్పు కొంత తినగా, మిగిలినదానితో ఆ వీథిలోనే మరల కొందమని తిరిగెను. ఆతడమ్మిన ధరయే ఎల్లరకును కొలమానమై పోయినది. నాటినుండియు అద్దె యింటనే యున్నాడు, మూడిండ్లు మారినాడు.

గ్రామపెద్దలు గమనింపవలసిన ముచ్చట యొకటి కలదు. 2013 నాటి భూసేకరణ చట్టము పట్టాదారునే గాక, ఆ నేలనాశ్రయించి బ్రదుకు కౌలుదారును, కూలిని గూడ నష్టపడినవారిలో చేర్చినది. అది మంచిదే. కాని సర్కారు వాని నేల తీసికొనకయే, అద్దె పెరిగినందున మూట గట్టుకొని పోవువాడు ఆ లెక్కలోనికి రాడు. వానికి ప్రకటన రాదు, విచారణ లేదు, పరిహారము లేదు. వాడు పోయినట్లు వీథివారికి దక్క వేరెవ్వరికిని తెలియదు. రేవు వలదని నేననను. మా బడిలో చదివిన కుఱ్ఱలు పనికై బెజవాడకును, భాగ్యనగరమునకును పోవుట కన్నులార చూచినవాడను. ఒడ్డున సర్కారు నేల యింకను మిగిలియుండగనే, ఊరిలో అద్దెకుండు వారికని కొంత విడిచి యుంచుట యెట్లని మాత్రము ఇప్పుడే అడుగవలెనందును. ధర లేచిన పిదప అడిగిన నేల దొరకదు.

మా పొరుగువాని స్థలమును కొన్నవాడు అందేమియు కట్టలేదు. చుట్టు ముండ్లకంచె వేసినాడు. లోపల తుమ్మ యేపుగ పెరిగినది. కొబ్బరిచెట్టొకటి యింకను కాయుచున్నది, కాయలు రాలి యెండుచున్నవి. ఆతడా దారినే సంతకు పోవును. నన్నెన్నడును ఒక్కమాట యనలేదు. ఆ దస్తావేజుపై మొదటి సాక్షి సంతకము నాది.