సైలెన్సర్ కథ, మా ఊరి ఆయిల్ ఇంజను, నా కారు పిచ్చి

పోయిన ఎండాకాలం నాకొక వెర్రి పుట్టింది. 2018లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న అబార్త్ పుంటోకి ఎగ్జాస్ట్ మార్పించాలని, ఆ చేత్తోనే గాలి పీల్చే వైపు ఓపెన్ ఫిల్టర్ పెట్టించాలని. నలభై దాటాక ఇదేం రోగం అంది మా ఆవిడ. నిజమే, ఈ వయసులో ఒకడికి మారథాన్ పట్టుకుంటుంది, ఇంకొకడికి కెమెరా పట్టుకుంటుంది. నాకిది పట్టుకుంది.

(పుంటో కూడా ఒక స్పోర్ట్స్ కారేనా అని మీరు నవ్వుకోవచ్చు. 1.4 లీటర్ల టర్బో ఇంజను, 145 హార్స్ పవర్, 2015లో పది లక్షల లోపు ధరతో వచ్చింది. మన ఈఎంఐల లెక్కకి అదే ఫెరారీ :) )

హైదరాబాదులో ఒక షాపుకి వెళ్తే ఆ కుర్రాడు మూడు ముక్కలు చెప్పాడు. స్టీలు ఎగ్జాస్ట్, క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి దాని చోట ఖాళీ గొట్టం, బానెట్ కింద కోన్ ఫిల్టర్. "ఇరవై హెచ్.పి. గ్యారంటీ సార్" అన్నాడు. కొలిచిన కాగితం ఉందా అంటే "సౌండ్ వింటే మీకే తెలుస్తది" అన్నాడు. టెస్ట్ రిపోర్ట్ అడిగితే డెమో చూపించే వాళ్ళని ఆఫీసులో రోజూ చూస్తాం కదా, అక్కడే నాకు అనుమానం మొదలైంది.

నేను వనపర్తిలో, రాజావారి బంగళాలో పెట్టిన పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, తర్వాత అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో తేలినవాణ్ణి. పాత పుస్తకాలు దుమ్ము దులిపి చదవడం మొదలుపెడితే కథ ఎక్కడికో పోయింది.

ముందు గొట్టం సంగతి. తొలినాటి కార్లు చేసే రొదకి గుర్రాలు బెదిరేవి. 1897లో అమెరికాలో రీవ్స్ సోదరులు ఇంజను చప్పుడు తగ్గించే మఫ్లర్‌కి పేటెంటు తీసుకున్నారు. విచిత్రం ఏంటంటే, మఫ్లర్ వచ్చిన కొన్నాళ్ళకే దాన్ని తప్పించుకునే మార్గం కూడా వచ్చింది. కాలితో ఒక పెడల్ నొక్కితే పొగ మఫ్లర్‌లోకి పోకుండా నేరుగా బయటికొచ్చే "కటౌట్" అన్నమాట. పవర్ పెరుగుతుందని ఒక సాకు. ఊళ్ళల్లో జనం గోల పెడితే చాలా పట్టణాలు దాన్ని నిషేధించాయి. అంటే ఈ తగువు నిన్నా మొన్నటిది కాదు, నూరేళ్ళ పైబడినది.

మనం సైలెన్సర్ అంటాం, అమెరికా వాళ్ళు మఫ్లర్ అంటారు. సైలెన్సర్ అనగానే గుర్తొచ్చే పేరు హైరమ్ పెర్సీ మాక్సిమ్. ఈయన తుపాకీ సైలెన్సర్‌కి 1909లో పేటెంటు తీసుకున్నాడు, అదే సూత్రంతో ఇంజన్లకీ సైలెన్సర్లు చేశాడు. ఈయన తండ్రి ఎవరనుకున్నారు? మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్. సొంత తుపాకుల మోత ఏళ్ళ తరబడి విని విని ఆయనకి చెవుడు వచ్చింది. తండ్రి మోత కనిపెడితే, కొడుకు ఆ మోతకి మూత కనిపెట్టాడు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

ఇక నా కారు పేరు వెనకున్న కథ. కార్లో అబార్త్ 1908లో వియన్నాలో పుట్టాడు, 1949లో ఇటలీలో కంపెనీ పెట్టాడు. రేసు కార్లతో పేరొచ్చింది కానీ, పూట గడిపింది మాత్రం మామూలు ఫియట్ కార్లకి విడిగా అమ్మిన ఎగ్జాస్టులే! లక్షల కొద్దీ అమ్మాడు. చిన్న కారున్న గుమాస్తా కూడా ఒక అబార్త్ గొట్టం తగిలించుకుని రేసరులా మురిసిపోయేవాడు. 1971లో ఫియట్ ఆ కంపెనీనే కొనేసింది. అంటే నేను మార్చాలనుకుంటున్నది, గొట్టాలు మార్చే వ్యాపారంతోనే పైకొచ్చినవాడి పేరున్న కారు. ఇంతకంటే మంచి సాకు ఏం కావాలి?

కానీ లెక్క ఒప్పుకోవాలి కదా. గొట్టం ఎంత వెడల్పైతే అంత పవర్ అన్నది సగం నిజమే. టర్బో లేని ఇంజన్లో పొగ దఫదఫాలుగా వస్తుంది. ఒక దఫా వేగంగా పోతే దాని వెనక పీడనం తగ్గి, తర్వాతి దఫాని లాక్కుపోతుంది. గొట్టం మరీ వెడల్పైతే ఆ వేగం పడిపోతుంది. టర్బో ఉన్నదానికి లెక్క వేరు, టర్బైన్ దాటాక అడ్డు ఎంత తక్కువుంటే అంత మంచిది. అయితే ఆ అడ్డులో ఎక్కువ భాగం క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గరే. దాని తర్వాత గొట్టం మాత్రమే మారిస్తే వచ్చేది ముఖ్యంగా చప్పుడే. మన భాషలో చెప్పాలంటే, డేటాబేస్ క్వెరీ దగ్గర ఇరుక్కుంటే, పోయి లాగిన్ పేజీని ఆప్టిమైజ్ చేసినట్టు.

మరి కన్వర్టర్ తీసేస్తే? అది మన దేశంలోకి 1995 ఏప్రిల్లో వచ్చింది, అదీ నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకి మాత్రమే. హైదరాబాదు ఆ జాబితాలో లేదు. పెట్రోలులో సీసం ఉంటే కన్వర్టర్ చచ్చిపోతుంది, అందుకని సీసం లేని పెట్రోలు దానితోపాటే వచ్చింది, 2000 ఫిబ్రవరికల్లా దేశమంతా అదే అయ్యింది. ఇన్నేళ్ళు కష్టపడి తెచ్చుకున్నదాన్ని నేను పది హెచ్.పి. కోసం రంపం పెట్టి కోయించి, నా వెనక బైకు మీద వచ్చేవాడి ముక్కులో కార్బన్ మోనాక్సైడు పోయాలి. మనసొప్పలేదు.

చట్టం సంగతి కూడా చూశాను. కారు మూల స్వరూపాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, శబ్ద, వాయు కాలుష్యం పరిమితులు దాటితే పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మీద వేటు. 2024లో విశాఖ బీచ్ రోడ్డు మీద పోలీసులు సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియో మీరూ చూసే ఉంటారు.

ఇప్పుడు గాలి వైపుకొద్దాం. 1908 నాటి ఫోర్డు మోడల్ టీకి గాలి ఫిల్టరే లేదు. దుమ్మంతా ఇంజన్లోకే! తర్వాత ఆయిల్ బాత్ ఫిల్టర్లొచ్చాయి. గాలి కిందికి దిగి, నూనె మీద గిరుక్కున తిరిగి పైకి పోవాలి. బరువైన దుమ్ము తిరగలేక నూనెలో పడిపోతుంది. మా పాలమూరు వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బావి దగ్గర ఆయిల్ ఇంజన్లలో, ట్రాక్టర్లలో అందరం చూసిందే. నూనె గిన్నె విప్పితే అడుగున ఎర్రటి మడ్డి. తర్వాత కాగితం మడతల ఫిల్టర్లు వచ్చాయి. 1969లో కాలిఫోర్నియాలో మొదలైన కె అండ్ ఎన్ వాళ్ళు నూనె పట్టించిన నూలు గుడ్డతో చేసి అమ్మారు. దూది విత్తనాలకి పేరుపడ్డ గద్వాల పక్కన పెరిగి, దూది ఫిల్టర్ని అమెరికా నుంచి తెప్పించుకోవాలా అని నవ్వొచ్చింది.

అసలు చిక్కు కోన్ ఫిల్టర్‌తో. కంపెనీ ఇచ్చిన డబ్బా ముందు నుంచి బయటి గాలి తీసుకుంటుంది. కోన్ బానెట్ కింద, ఇంజను వేడి గాలిని పీలుస్తుంది. మే నెలలో మా వైపు బయటే 40 డిగ్రీలు, లోపల 60 అనుకోండి. కెల్విన్లలో 313, 333. అంటే గాలి సాంద్రత దాదాపు ఆరు శాతం తగ్గింది. ఇంటర్‌కూలర్ కొంత సర్దుతుంది గానీ, డబ్బులిచ్చి వేడి గాలి కొనుక్కున్నట్టే కదా. పైగా హుస్స్‌మనే ఆ శబ్దానికి కారు వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది. అనిపించడమే.

ఇంత తెలిశాక కూడా, నిజం చెప్పొద్దూ, చప్పుడు మీద ఆశ చావలేదు. కన్వర్టర్ ఉంచేసి వెనక గొట్టం ఒక్కటైనా మార్పిద్దామనుకున్నాను. ఆ ఆదివారం నాగర్‌కర్నూలు జిల్లా మీదుగా శ్రీశైలం రోడ్డెక్కాను. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. జంతువుల కోసం రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అక్కడ బండ్లని ఆపేస్తారు. పొద్దున్నే గేటు తీయగానే బైకుల గుంపొకటి కటౌట్ల కాలంలో లాగా మోత మోగించుకుంటూ పోయింది. రోడ్డు పక్క ఒక చెంచు ముసలమ్మ చంటిపిల్ల చెవులు రెండు చేతులతో మూసింది. కోపంగా కాదు, అలవాటుగా. వర్షం వస్తే కొంగు కప్పినట్టు.

అక్కణ్ణుంచి ఊరికి పోయాను. మా నాయిన ఇరవై ఏళ్ళు ఆయిల్ ఇంజన్లు రిపేరు చేశాడు. మా బావి దగ్గరి ఇంజనుకి సైలెన్సర్ తుప్పుపట్టి ఊడిపోతే, ఈ పంట అయ్యాక చూద్దాం, ఆ పంట అయ్యాక చూద్దాం అని అట్లాగే నడిపాడు. నాకు ఆ టుక్కు టుక్కు మైలు దూరం నుంచి వినపడేది, నాయిన ఉన్నాడని ధైర్యంగా ఉండేది. ఇప్పుడాయనకి కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి సగం. పెద్ద మాక్సిమ్ గురించి చదివి నిద్రపోలేనిది ఇందుకే.

సంగతంతా గట్టిగా అరిచి చెప్పాను. ఆయన కారు స్టార్ట్ చేయమన్నాడు. వెనక్కి పోయి గొట్టం దగ్గర అరచేయి పెట్టి కాసేపు నిలబడ్డాడు. తర్వాత ముందుకొచ్చి బానెట్ తీయించి, ఫిల్టర్ డబ్బా విప్పాడు. ఫిల్టర్ నేలకేసి కొడితే దోసెడు దుమ్ము రాలింది.

"దీనికి ఊపిరి ఆడ్తలేదురా. ముందుగాల గిది మార్చు. చప్పుడుదేముంది, నాకైతే ఎట్లా ఇనపడది" అన్నాడు.

మామూలు కాగితం ఫిల్టర్ కొన్నాను, కొన్ని వందలయ్యింది. ఎగ్జాస్ట్ కోసం దాచిన డబ్బులతో నాయినకి ఎడమచెవికి హియరింగ్ ఎయిడ్ పెట్టించాను. పెట్టుకున్న మొదటి రోజు కారెక్కి, "ఇంత సప్పుడు జేస్తదా ఇది?" అన్నాడు. కంపెనీ సైలెన్సరే, మార్చలేదు నాయినా అన్నాను. నమ్మలేదు :)