కార్మిక సంఘమునఁ గార్మికుని స్థానము: చెన్నపురి నిదర్శనము

కార్మిక సంఘముల చరిత్రము వ్రాయువారు సామాన్యముగా నాయకుల యుపన్యాసములను, సమ్మెల దినములను, ఒడంబడికలను బేర్కొని తృప్తి నొందుదురు. సంఘమునఁ జేరిన కార్మికుఁడు దాని నిర్ణయములలో నెంతవఱకుఁ బాల్గొనెనను ప్రశ్నము వెనుకఁబడిపోవుచున్నది. 1918 మొదలు 1921 వఱకు నడచిన చెన్నపురి కార్మిక సంఘ వృత్తాంత మీ ప్రశ్నమునకుఁ దగిన నిదర్శనము.

పెరంబూరు ప్రాంతమున బిన్నీ కంపెనీవారి బకింగుహాము, కర్ణాటిక్ మిల్లు లుండెను. ఆ చెంతనే వేంకటేశ గుణామృతవర్షిణీ సభ యను భక్తసమాజము కలదు. అందు ధర్మోపన్యాసములు వినవచ్చు మిల్లు కార్మికులు తమ కష్టములను జి. సెల్వపతి చెట్టి, జి. రామానుజులు నాయుఁడుగారలతోఁ జెప్పుకొనుచుండిరి. మధ్యాహ్న భోజనమునకు అరగంట విరామము చాలకుండుట వానిలో ముఖ్యమైనది. వారిరువురును అడయారు దివ్యజ్ఞాన సమాజమునకుఁ జెందిన బి. పి. వాడియాగారి సాయము కోరఁగా, 1918 ఏప్రిలు 27వ తేదీన సంఘ మేర్పడెను. వాడియాగా రధ్యక్షులు, గుత్తి కేశవపిళ్ళగారును, తిరు. వి. కల్యాణసుందర మొదలియారుగారును ఉపాధ్యక్షులు. చెట్టి, నాయుఁడుగారలు కార్యదర్శులు.

సంఘము కార్మికుల మొఱనుండియే పుట్టినది. అయినను ఈ యేవురిలో నొక్కరును మిల్లులోఁ బనిచేయువారు కారు. వాడియాగారు ఇంగ్లీషున నుపన్యసింపఁగా దానిని దేశభాషలోఁ జెప్పుచుండిరి. కార్మికుఁడు ముఖ్యముగా శ్రోత. ఆ శ్రవణమును దక్కువగా నెన్నరాదు. ఎవరికి వారు తమ యదృష్టదోషమని యనుకొనుచుండిన కష్టము అందఱిదియు నొక్కటే యని వారికి సభలోనే తెలిసెను. విరామకాలము నలువది నిమిషము లగుట వారి తొలి లాభము. కాని యేమి యడుగవలెను, ఎప్పుడు పని మానవలెను అను నిర్ణయము చాలవఱకుఁ బెద్దల చేతిలోనే యుండెను. యుద్ధకాలమున సమ్మె వలదని వాడియాగారే వారిని వారించిరి.

ఈ లోపము 1920లో బయలుపడెను. అక్టోబరున బకింగుహాము మిల్లు మూయఁబడెను. పని యొప్పందమును భంగపఱచుటకుఁ గార్మికులను బ్రేరేపించిరని కంపెనీవారు వాడియా ప్రభృతులపై హైకోర్టున దావా వేసి నిషేధాజ్ఞ పొందిరి. తుదకు జరిగిన రాజీ ననుసరించి వాడియాగారు సంఘముతోడి సంబంధమును విడిచిరి. ఒక్కని నోరు కట్టఁగా వేలకొలఁది సభ్యులుగల సంఘము తడఁబడెను.

మఱుసటి సంవత్సరము సమ్మెలో రెండవ లోపము కనఁబడెను. ఆదిద్రావిడ కార్మికులలోఁ బెక్కురు పనికిఁ బోయిరి. పులియంతోపున నిరుపక్షములకును ఘర్షణలు జరిగి యిండ్లు తగులఁబడెను. పోలీసు కాల్పులలోఁ బ్రాణనష్టమును గలిగెను. నెలలు గడచినపిదప సమ్మె విఫలమయ్యెను. పనికిఁ బోయినవారిని యజమానుల పక్షపాతులని నిందించుట సులభము. కాని కూడఁబెట్టిన ధనము లేని చేరివాసికి నెలల తరబడి పని మానుట పస్తుండుటయే. నిర్ణయమునకు ముందే వారి మాటకుఁ జోటు దొరకియుండినచో, చీలిక యింత లోతుగా నుండెడిది కాదని మా యభిప్రాయము.

వాడియాగారి దావా ఫలముగా సంఘములకు రక్షణము కావలెనని ఎన్. ఎం. జోషీగారు 1921 మార్చిలో కేంద్ర శాసనసభయందుఁ దీర్మానము తెచ్చిరి. 1926 నాఁటి కార్మిక సంఘముల చట్టము, రిజిస్టరైన సంఘములకు అట్టి దావాలనుండి రక్షణ మొసఁగెను. లెక్కల పుస్తకములను జూచుటకు సభ్యునికి హక్కు కల్పించెను. కార్యనిర్వాహకులలో సగమునకుఁ దక్కువ కాకుండ ఆ పరిశ్రమలోఁ బనిచేయువారే యుండవలెనని విధించెను. 2001 సవరణము వ్యవస్థీకృత పరిశ్రమలలో బయటివారిని మూఁడవవంతునకో, ఐదుగురికో, ఏది తక్కువయైన దానికిఁ బరిమితము చేసెను.

ఇట్లు శాసనము పదవులను బంచినది. పదవిలో నున్న కార్మికుఁడు తనవారి నడిగి నిర్ణయించుట, అడిగినప్పుడు కడపటి వాడవానిని గూడఁ బిలుచుట శాసనమువలనఁ గలుగునవి కావు. వానిని సభ్యులే యలవఱచుకొనవలెను. 1921 నాఁటి పులియంతోపు మనకుఁ జెప్పున దిదియే.