అడిగిన మనిషి, రాసిన మనిషి

రచయితలతో సంభాషణల గురించి మన విమర్శలో చర్చ వచ్చినప్పుడల్లా అది చెప్పినవాడి దగ్గరే ఆగిపోతుంది. ఫలానా కవి ఆ గేయాన్ని ఎలా రాశానన్నాడు, ఫలానా నవలాకారుడు ఆ పాత్రను ఎక్కడ చూశానన్నాడు - ఇంతవరకే మనకు పట్టింపు. అడిగిందెవరు, ఆ మాటల్ని కాగితం మీద పెట్టిందెవరు, ఆ శ్రమకు దక్కిందేమిటి అన్న ప్రశ్న మాత్రం రాదు. సాహిత్యంలోనూ శ్రమ విభజన ఉంది. అందులో వినేవాడిది అట్టడుగు స్థానం.

ఈ ప్రక్రియకు ఆద్యుల్లో ఒకడనదగిన యొహాన్ పీటర్ ఎకర్మన్ 1792లో ఉత్తర జర్మనీలోని విన్సెన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరిగి సరుకు అమ్ముకునేవాడు. ఇంటికి పెద్ద ఆధారం ఒక ఆవు. పిల్లవాడు ఆవును మేపేవాడు, అడవిలో పుల్లలు ఏరేవాడు, కోతలైన చేలల్లో పరిగె ఏరేవాడు. ఒక రోజు తండ్రి తెచ్చిన పొగాకు పొట్లం మీది గుర్రం బొమ్మను చూసి గీస్తే ఊరు ఊరంతా మెచ్చుకుంది. 1813లో నెపోలియన్ మీద యుద్ధానికి స్వచ్ఛందంగా వెళ్ళాడు. తర్వాత గుమాస్తాగిరీ చేస్తూ, పాతికేళ్ళ వయసు ప్రాంతంలో, చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని చదువు మొదలెట్టాడు. ఆ మనిషి 1823 వేసవిలో, రాతప్రతిని ముందే పంపుకుని, కాలినడకన వైమార్ బయలుదేరాడు. జూన్ 10న గోథే ఇంటి మెట్లెక్కాడు. అతనికి ముప్పై, గోథేకి డెబ్బై మూడు.

రాతప్రతి ప్రచురణకు గోథే సాయం చేశాడు. నిజమే. అయితే ఆ పిల్లవాడు పనికొస్తాడని కూడా ఆ మొదటి రోజుల్లోనే గ్రహించాడు. తన పాత పత్రికా రచనలు ముందు పెట్టి, వాటిలో ఏవి సంపుటిలో చేర్చదగినవో చూడమన్నాడు. అలా మొదలైన పని 1832 మార్చిలో గోథే చనిపోయేదాకా సాగింది. ఫౌస్ట్ రెండో భాగం పూర్తి కావడం వెనక ఎకర్మన్ పోరు తక్కువేమీ కాదు. ఇంత చాకిరీకి స్థిరమైన జీతం లేదు. వైమార్‌కు వచ్చిన ఇంగ్లీషు కుర్రాళ్ళకు జర్మన్ పాఠాలు చెప్పుకుని పొట్టపోసుకున్నాడు. 1825లో యేనా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ ఇప్పించారు. గౌరవంతో అద్దె తీరదు గదా! ఊళ్ళో నిశ్చితార్థం చేసుకున్న యొహాన్నా పన్నెండేళ్ళు ఎదురుచూసింది. 1831లో పెళ్ళయింది, 1834లో ఆమె చనిపోయింది. సంభాషణలు అచ్చువేస్తే తన కాళ్ళమీద తాను నిలబడగలనని అతని ఆశ. తాను బతికుండగా వద్దని గోథే అభిప్రాయం. మొదటి రెండు సంపుటాలు 1836లో వెలువడ్డాయి, అమ్ముడుపోలేదు. 1854లో ఎకర్మన్ పేదవాడుగానే పోయాడు.

ఇదంతా సానుభూతి కోసం చెప్పడం లేదు. ఆ పుస్తకంలోని మాట ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడే ఉంది. ఎకర్మన్ దగ్గర టేపు రికార్డరు లేదు. పొడి పొడి గుర్తులు రాసుకుని, కొన్నిటిని ఏళ్ళ తర్వాత విస్తరించాడు. 1848లో వచ్చిన మూడో సంపుటానికి సోరే అనే మరో మిత్రుడి గుర్తులు వాడుకున్నాడు. ఈ పుస్తకంలో ఉన్నది తన గోథే మాత్రమేనని ముందుమాటలో తనే ఒప్పుకున్నాడు. కాబట్టి లోకం గోథే మాటలని తలచి ఉదహరించే వాక్యాల కూర్పులో పరిగె ఏరిన పిల్లవాడి చెయ్యి ఉంది.

1827 జనవరి 31 నాటి సంభాషణ చూడండి. గోథే ఒక చైనా నవల చదువుతున్నాడు. జాతీయ సాహిత్యానికి కాలం చెల్లింది, ప్రపంచ సాహిత్య యుగం వస్తోందని అన్నాడు. సరిగ్గా ఇరవై ఒక్కేళ్ళకు కమ్యూనిస్టు ప్రణాళికలో మార్క్స్, ఎంగెల్స్ అదే మాట వాడారు. అయితే ప్రపంచ సాహిత్యాన్ని మహాకవి సౌహార్దం నుంచి కాక ప్రపంచ మార్కెట్టు నుంచి పుట్టించారు. పునాదిని చూపించడమంటే ఇదీ. ఆ ప్రణాళికా, ఎకర్మన్ మూడో సంపుటమూ 1848లోనే వెలువడడం చరిత్ర చేసిన చమత్కారం.

ఎకర్మన్‌కు పూర్తిగా భిన్నమైన శ్రోత గోర్కీ. క్రిమియాలో 1901-02 ప్రాంతంలో టాల్‌స్టాయ్‌ని తరచూ కలిసేవాడు. చిన్న చిన్న కాగితం ముక్కల మీద రాసుకున్నవి కొన్ని పోయాయి, దొరికినవాటితో 1919లో పుస్తకం వచ్చింది. ‘అట్టడుగు లోకం’ నాటకంలోని దృశ్యాలు చదివి వినిపిస్తే, ఇది ఎందుకు రాస్తున్నావని ముసలాయన అడిగాడట. ఇక్కడ ప్రశ్న అడిగేవాడు పెద్దవాడు, ఇరకాటంలో పడేవాడు శ్రోత! గోర్కీ వినయం నటించలేదు. టాల్‌స్టాయ్‌ని ప్రేమించాడు, భయపడ్డాడు, కొన్నిచోట్ల అసహ్యించుకున్నాడు, మూడూ రాశాడు. మూటలు మోసిన మనిషి మరొకరి మూట మొయ్యడానికి సిద్ధపడలేదు.

తర్వాత ఈ పని పత్రికల చేతికి పోయింది. 1891లో ఫ్రెంచి విలేఖరి జూల్ యురే అరవై నలుగురు రచయితల్ని కలిసి, సహజవాదం చచ్చిందా బతికుందా అని అడిగాడు. రచయితలు ప్రక్రియ గురించి కంటే పక్కవాడి గురించే ఎక్కువ చెప్పారు! యురే తర్వాత పెట్టుబడిదారుల్నీ కార్మికుల్నీ కూడా ఇలాగే ప్రశ్నించి, సామాజిక సమస్యపై 1897లో పుస్తకం వేశాడని మనవాళ్ళెవరూ గుర్తుచేయరు.

ఇరవయ్యో శతాబ్దంలో దీన్ని కళగా మార్చింది ‘పారిస్ రివ్యూ’. 1953లో తొలి సంచికలో ఫార్‌స్టర్‌తో సంభాషణ. మరబార్ గుహల్లో ఏదో ముఖ్యమైనది జరగాలని మాత్రం తెలుసు, ఏమిటో తెలియదని ఆయన చెప్పిన తీరు రచనా క్రమం గురించి విలువైన సాక్ష్యం. 1958లో హెమింగ్వే ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ చివరి పేజీని ముప్పై తొమ్మిదిసార్లు తిరగరాశానన్నాడు. ఇవి నేర్చుకోదగ్గవే, నేను కాదనను. కాని ఈ సంభాషణల్లో పెన్సిలు, నిలబడి రాసే బల్ల, పొద్దుటి వేళ - ఇవన్నీ వస్తాయి. రచయిత ఎవరి పక్షాన రాశాడన్నది చాలావరకు వెనక్కిపోతుంది. ఈ ‘శుద్ధ’ వాతావరణం గాలిలోంచి ఊడిపడలేదు. పత్రిక స్థాపకుల్లో ఒకడైన పీటర్ మాథిసన్ అప్పట్లో సి.ఐ.ఎ. ఉద్యోగి. పత్రికను ముసుగుగా వాడుకున్నానని తర్వాత తనే చెప్పాడు. ప్రతి ఇంటర్వ్యూ గూఢచారి రాయించాడని దీనర్థం కాదు. ఆ మాటన్నవాళ్ళు విమర్శకు అపకారం చేస్తారు.

ఇక మన సంగతి. 1986లో స్త్రీ శక్తి సంఘటన వారు ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రచురించారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి, వాళ్ళ మాటల్ని రికార్డు చేసి, వాళ్ళ నుడికారంలోనే అచ్చువేశారు. దీన్ని చరిత్ర గ్రంథంగా చదివాం, స్త్రీవాద గ్రంథంగా చదివాం. రచయితలతో సంభాషణగా మాత్రం చదవలేదు. ఎందుకు? మల్లు స్వరాజ్యం గాని, చిట్యాల ఐలమ్మ గాని కథ చెప్పేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది దాటెయ్యాలి, ఎక్కడ నవ్వాలి అని ఎంచుకోలేదా? శిల్పమంటే అది కాదా? ఎకర్మన్ కథ ఇక్కడ తలకిందులైంది: చదువుకున్నవాళ్ళు అడిగారు, వెట్టిని ధిక్కరించి నిలబడిన చాకలి రైతు చెప్పింది, అడిగినవాళ్ళు తమ పేరు సంఘం పేరుగా పెట్టుకున్నారు.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న చనిపోయింది. పుస్తకం ఆ మరుసటి ఏడాది వచ్చింది.