రాయచూరు కోటలోని తెలుగు శాసనము

కృష్ణా తుంగభద్రా నదుల నడిమి భూమిని చరిత్రకారులు రాయచూరు అంతర్వేది యని వ్యవహరింతురు. పండు నేల, రెండు ప్రక్కల జీవనదులు. అందుచేత దీనిపై రాజుల కన్ను ఎన్నడును తప్పలేదు. ఈ సీమకు తాళపుచెవి వంటిది రాయచూరు కోట. చంద్రబండ మొదలగు గ్రామములవారమైన మనము సంతకును, కచ్చేరికిని, ఆసుపత్రికిని రాయచూరు పోవుచునే యుందుము. అయినను ఆ కోటగోడపై తెలుగున చెక్కిన శాసనమును నిలిచి చూచినవారు మనలో బహు స్వల్పము.

ఆ శాసనము శక సంవత్సరము 1216, అనగా క్రీస్తు శకము 1294 నాటిది. అప్పటికి ఓరుగల్లున కాకతీయ ప్రతాపరుద్రుడు రాజ్యము చేయుచుండెను. ఆయన సామంతుడు గోన గన్నారెడ్డి. రంగనాథ రామాయణ కర్తగా ప్రసిద్ధుడైన బుద్ధారెడ్డిదియు ఈ గోన వంశమే. గన్నారెడ్డి మంత్రియగు విఠలనాథుడు ఆదవాని, తుంబళము, మానువ మొదలగు దుర్గములను జయించి, రాయచూరు ప్రవేశించి, ఈ కోటను కట్టించినట్లు శాసనము తెలుపుచున్నది. శాసనమున్న రాయి లోపలి కోట పడమటి గోడలో నున్నది. దాని పొడవు దాదాపు 41 అడుగులు. గోడలోని రాళ్లు సున్నము లేకయే ఒకదానిపై నొకటి కుదురుకొని నిలిచినవి.

అక్షరములకంటె నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఆ గోడపైని బొమ్మ. ఆ మహాశిలను బండిమీద నెక్కించి తెచ్చిన విధమును శిల్పి అందు గీసినాడు. బండికి పూన్చిన పశువుల బారు, వాటిని అదలించు మనుష్యులు, చక్రములకు మీటు వేయువారు, అందఱును అందు గలరు. నేను ఉద్యోగకాలమంతయు ఇతరుల పేర్లను పుస్తకములలోనికి ఎక్కించినవాడను. కట్టించినవాని పేరే లెక్కకు ఎక్కునుగాని మోసినవాని పేరు ఎక్కదని ఎఱుగుదును. ఈ గోడపై వారి పేర్లు లేకున్నను వారి శ్రమయైనను మిగిలినది. అది చిన్న గౌరవము కాదు.

కోట ఒకరి చేతిలోనే నిలువలేదు. కాకతీయుల పిమ్మట బహమనీ సుల్తానులును, విజయనగర రాజులును దీనికై తరతరములు పెనగిరి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించి రాయచూరును పట్టుకొనెను. 1565 నాటి యుద్ధమున విజయనగరము కూలిన పిదప ఇది బిజాపురమువారి వశమయ్యెను. 1686లో ఔరంగజేబు బిజాపురమును జయించుటతో మొగలాయీల పాలైనది. 1853లో నిజాము ఈ సీమను ఇంగ్లీషువారికి అప్పగించి, 1860లో తిరిగి పొందెను. 1871లో బొంబాయినుండి వచ్చిన రైలుమార్గమును, మద్రాసునుండి వచ్చిన మార్గమును రాయచూరులోనే కలిసినవి. యుద్ధమునకై సేనలు చేరిన యూరు, ప్రయాణికులు బండ్లెక్కి దిగు నగరమైనది.

1956 నవంబరు 1వ తేదీన గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు పోగా, తక్కిన రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమున చేరెను. నేడు ఆ తాలూకాల నేల తెలంగాణమున నున్నది. మనమో కర్ణాటకమున నున్నాము. పిల్లనిచ్చినది ఆ ప్రక్క, పొలమున్నది ఈ ప్రక్క యైన కుటుంబములు మనలో ఎన్నియో. మన పిల్లలు బడిలో కన్నడము చదువుచున్నారు. అది న్యాయమే, ఈ నేల భాష అది. కాని ఇంట తెలుగు మాటలాడు బాలుడు తెలుగు అక్షరము నెఱుగకుండుట మాత్రము నష్టమే.

ఇందు నిరాశకు తావులేదు. విఠలనాథుని నాటికి తెలుగు కన్నడ లిపులు నేటివలె వేఱుపడలేదు. మిక్కిలి దగ్గఱగా నుండెడివి. కన్నడ అక్షరములు వచ్చిన పిల్లవానికి తెలుగు అక్షరములు నేర్పుట కొన్ని వారముల పని. ప్రతి ఇంట పెద్దలు సాయంకాలము అరగంట కూర్చుండిన చాలును.

ఆ రాయిని చూపి ఈ కోట మాదేయని చాటుకొనుట తగదు. ఎందఱో రాజులు అట్లే చాటి వెడలిపోయిరి. మన భాషవారు ఏడువందల ఏండ్లకు పూర్వమే ఈ నేలపై పాటుపడిరని పిల్లలకు తెలియవలెను. పొరుగు భాషవారితో కలిసి బ్రదుకుట మనకు క్రొత్త కాదనియు తెలియవలెను. ఒక ఆదివారము వారిని వెంటబెట్టుకొని పోయి, ఆ గోడ నీడన నిలిపి చూపుడు.