సొంత చేను లేనివానికి యింటి అప్పు



అప్పు కోసం పోయిన రైతును మొట్టమొదట అడిగే మాట యేమిటి? "నీకు భూమి యెంత?" అనే గదా! పల్లెలో యిల్లు కట్టుకోవటానికి అప్పిచ్చేటప్పుడు అమెరికా సర్కారు కూడా మొదట యిదే అడిగింది. ఆ ప్రశ్న మార్చుకోవటానికి పన్నెండేళ్ళు పట్టింది.

1949 జులై 15న అధ్యక్షుడు ట్రూమన్ గృహనిర్మాణ చట్టం మీద సంతకం చేశాడు. అందులో అయిదవ భాగం రైతుల యిళ్ళకు సంబంధించినది. వ్యవసాయశాఖ కింద వున్న ఫార్మర్స్ హోమ్ అడ్మినిస్ట్రేషన్ అప్పు యిచ్చేది. వడ్డీ నూటికి 4, గడువు 33 సంవత్సరాలు. మంచి షరతులే. అయితే దరఖాస్తుదారుకు సొంత కమతం వుండాలి. అదీ పెరటి మడి అయితే చాలదు. 1944 నాటి ధరల లెక్కన యేడాదికి 400 డాలర్ల పంట పండేదై వుండాలి. సరైన యిల్లు లేదనీ, కట్టుకునే స్తోమతు లేదనీ, బయట భరించగల షరతులకు అప్పు పుట్టటం లేదనీ కూడా తేలాలి. తర్వాత రోజులు బాగుపడి బ్యాంకు అప్పిచ్చేట్టయితే, అక్కడ తెచ్చి సర్కారు బాకీ తీర్చెయ్యాలి.

ఇవన్నీ తేల్చేది యెవరనుకున్నారు? కౌంటీ కమిటీ. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. కమిటీలో ముగ్గురు, వారిలో యిద్దరైనా అక్కడి రైతులే. యెవడు కష్టపడేవాడో, యెవడు బాకీ యెగవేసేవాడో పక్క చేనువాడికి తెలిసినట్టు దొరకు తెలుస్తుందా? కాని పక్క చేనువాడికి పాత కక్షలూ వుంటాయి, జాతి భేదాలూ వుంటాయి. దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతి రైతులకు వ్యవసాయశాఖ సేవలు సమంగా అందలేదని 1965లో పౌరహక్కుల కమిషన్ తన నివేదికలో బయటపెట్టింది. దరఖాస్తులు చూసే విస్తరణోద్యోగులు యీ సంగతి మరచిపోరాదు.

ఇక కాలిఫోర్నియాలోని తులారే కౌంటీ సంగతి చూడండి. పత్తి, ద్రాక్ష, నారింజ విరివిగా పండే సీమ. కోతలన్నీ కూలీల చేతులమీదుగానే సాగుతాయి. పంట తీసేది వాళ్ళు. వుండేది రేకుల పాకల్లో. వాళ్ళ పేర సెంటు చేను లేదు గనుక 1949 చట్టం వాళ్ళ గుమ్మం దాకా రాలేదు.

1961లో చట్టం సవరించారు. చేను లేకపోయినా పల్లెలో యింటిస్థలం వున్నవాడికి అప్పు పుట్టే దారి యేర్పడింది. రెండేళ్ళకు, 1963లో, అదే కౌంటీలోని గోషెన్ అనే వూళ్ళో మూడు కూలీ కుటుంబాలు యీ అప్పుతో యిళ్ళు లేపుకున్నాయి. క్వేకర్ల సేవాసంఘం దగ్గరుండి పని నేర్పింది. పగలు పొలంలో కూలి, సాయంత్రం గోడ పని. ఒకరి యింటికి మరొకరు చేసాయం. చేతిలో రొక్కం లేని చోట ఒంటి కష్టమే పెట్టుబడి అయింది. 1965లో యిదే పనికి ఆ లోయలో సెల్ఫ్-హెల్ప్ ఎంటర్‌ప్రైజెస్ అనే సంస్థ వెలిసింది. 1968 చట్టంతో బీద కుటుంబానికి వడ్డీ నూటికి 1 దాకా తగ్గించే వీలు కలిగింది.

అప్పటినుంచి ప్రశ్న మారింది: నీ ఆదాయం యెంత? నీది పల్లేనా? రెండోది తేలిక ప్రశ్న అనుకునేరు. పల్లె జనసంఖ్య హద్దును 1965లో 5,500గా పెట్టారు, 1970లో 10,000 చేశారు, 1974లో కొన్ని షరతులతో 20,000 దాకా పెంచారు. ఆ తర్వాతా మార్పులు వచ్చాయి. 1990 చట్టంతో మరో పద్ధతి బలపడింది: అప్పు బ్యాంకుది, జామీను సర్కారుది, అక్కడి మధ్యస్థ ఆదాయానికి నూటికి 115 దాకా వున్నవారు దీనికి అర్హులు. సర్కారు నేరుగా యిచ్చే అప్పు మాత్రం నూటికి 80 లోపు వారికే. 1994లో పాత సంస్థ రద్దయి, పని వ్యవసాయశాఖలోనే మరో విభాగానికి పోయింది. రెంటికీ చేతి సొమ్ము ముందు కట్టనక్కరలేదు.

కాని హద్దు హద్దే. తులారే కౌంటీ ముఖ్యపట్టణం విసేలియాలో 2020 జనగణన నాటికి 1,40,000 మందికి పైగా వున్నారు. కనుక అది పల్లె లెక్కలోకి రాదు. అక్కడ అద్దెకుంటూ రోజూ తోటల్లోకి పోయే కూలీ, ఆదాయం సరిపోయినా, యీ అప్పుతో యిల్లు కట్టాలంటే పట్నం దాటి, పటంలో పల్లెగా గుర్తించిన చోట స్థలం వెతుక్కోవాలి.