నాలా పనులు, చెరువు హద్దులు: బస్తీవాసులు తమ మాట ఎక్కడ, ఎప్పుడు చెప్పాలి?

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు హైదరాబాద్ పాతబస్తీ చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి. పల్లె చెరువు నీళ్లు అలీ నగర్, అల్ జుబైల్ కాలనీల్లోకి వచ్చాయి. నాలుగు రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ ఇళ్లల్లోకి నీరు చేరింది. ఆ దెబ్బ తర్వాత ప్రభుత్వం వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం, అంటే ఎస్‌ఎన్‌డీపీ, తెచ్చింది. మొదటి దశ అంచనా సుమారు 985 కోట్ల రూపాయలు. నాలాలు వెడల్పు చేయడం, బాక్స్ డ్రెయిన్లు వేయడం, పక్క గోడలు కట్టడం ఇందులోని ముఖ్యమైన పనులు.

మరి నీళ్లలో మునిగినవాళ్లను ఎవరైనా అడుగుతారా? నాలా పనికి బహిరంగ విచారణ తప్పనిసరి కాదు. పర్యావరణ అనుమతుల కోసం 2006లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ గనులకు, పెద్ద ఫ్యాక్టరీలకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టింది. వాన నీటి కాలువలు ఆ జాబితాలోనే లేవు. కాబట్టి టెంటు వేసి, మైకు పెట్టి పిలుస్తారని కూర్చుంటే ఆ రోజు రాదు. మాట చెప్పే దారులు వేరే ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది చెరువు హద్దు నోటిఫికేషన్. చెరువు నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో ఆ గీతనే ఎఫ్‌టీఎల్ అంటారు. హెచ్‌ఎండీఏ ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తుంది, అభ్యంతరాలు తీసుకుంటుంది, ఆ తర్వాతే తుది నోటిఫికేషన్. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకు ఎఫ్‌టీఎల్ బయట 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, ఆ లోపు ఉంటే 2 మీటర్లు. గీత కొంచెం అటూ ఇటూ జరిగితే మొత్తం గల్లీ లోపలికి పోవచ్చు, లేదా అసలు చెరువు భూమే బయట పడిపోవచ్చు. రెండూ నష్టమే. రెండో తప్పుకు ఎవరూ అభ్యంతరం పెట్టరు, వానాకాలంలో తెలుస్తుంది.

పాతబస్తీలో చాలామంది దగ్గర నోటరీ కాగితాలే ఉంటాయి. అందుకే నోటీసు వస్తే భయపడి మాట్లాడరు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఆ ఇంట్లో ఎప్పటినుంచి ఉంటున్నారో చూపిస్తాయి గానీ స్థలం మీద హక్కును రుజువు చేయవు. ఆ తేడా తెలుసుకునే అభ్యంతరం రాయాలి. గడువు దాటేదాకా ఊరుకుంటే మాత్రం చేతిలో ఉన్న అవకాశం కూడా పోతుంది.

నాలా వెడల్పు కోసం భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం వర్తిస్తుంది. సెక్షన్ 11 కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక, సెక్షన్ 15 కింద 60 రోజుల్లోగా కలెక్టర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వొచ్చు. విచారణలో మాట వినాల్సిందే.

పని డిజైన్ గురించి చెప్పాలంటే టెండర్ పిలవకముందే చెప్పాలి. ముందు డ్రాయింగ్ చూడాలి. దానికి ఆర్టీఐ ఉంది, ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. దరఖాస్తు ఆ ప్రాంత అధికార భాషలో రాయొచ్చని చట్టం చెబుతోంది. ఉర్దూ తెలంగాణలో రెండో అధికార భాష, కాబట్టి ఉర్దూలో రాసినా తీసుకోవాలి. ఇంకో లాభం కూడా ఉంది. మురుగు జలమండలిది, నాలా జీహెచ్‌ఎంసీది అంటూ మామూలు అర్జీని ఆఫీసుల చుట్టూ తిప్పుతారు. ఆర్టీఐ దరఖాస్తు తప్పు ఆఫీసుకు వెళ్తే 5 రోజుల్లోగా సరైన చోటికి వాళ్లే పంపాలి.

డ్రాయింగ్‌లో రెండు సంగతులు చూడాలి. ఒకటి, నాలాకు గోడ కడితే గల్లీ నీరు లోపలికి పోయే దారి ఎక్కడ? దారి లేకపోతే నాలా పొంగకపోయినా గోడ ఇవతల బస్తీ మునుగుతుంది. రెండు, కింది భాగం ఇరుకుగా ఉండగానే పైన వెడల్పు చేస్తున్నారా? అలా చేస్తే నీరు ఇంకా వేగంగా వచ్చి కింది కాలనీ మీద పడుతుంది. అందుకే ఒక్క కాలనీ సంతకాలు సరిపోవు, పై వాళ్లు, కింది వాళ్లు కలిసి అర్జీ ఇవ్వాలి.

అర్జీలో "మా బస్తీ మునుగుతోంది" అని రాస్తే ఇంజనీర్‌కు ఏమీ తెలియదు. నీరు ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ వైపు నుంచి వచ్చింది, గోడ మీద మరక ఎన్ని అడుగుల ఎత్తులో ఉంది, ఎన్ని గంటలకు దిగింది అనేవి రాయాలి. తేదీ ఉన్న ఫోటోలు జతచేయాలి. ఇప్పుడు ఇళ్ల కింద పోయిన పాత కాలువ ఎటు పారేదో మొహల్లా పెద్దలకు గుర్తుంటుంది, వాళ్లతో ఒక చిన్న పటం గీయించి పెట్టాలి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో ఇచ్చినా, ఇంజనీర్ ఆఫీసులో ఇచ్చినా రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టు రేపు ఎవరూ ఒప్పుకోరు.